నిదానపు అడుగే ఇద్దరి అడుగు



గత మాసములో ఒక సహోదరి మాకు ఉత్తరము వ్రాశారు. ఆమె కుమారుడు, కోడలు అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రములో ఉద్యోగములు చేయుచున్నారు. వారికి నాలుగేండ్ల బాబు. కొంతకాలముగా ఆ భార్యాభర్తలు కొండలలో పరుగెత్తుట అలవాటు చేసికొని, ఇప్పుడు ఇద్దరూ 100 కిలోమీటర్ల పందెమునకు పేర్లు ఇచ్చినారట. "అయ్యగారూ, పగలంతా పరుగెత్తి, చీకటి పడిన తరువాత కూడా అడవిలోనే పరుగెత్తుతారట. ఏమిస్తారురా అని అడిగితే ఒక పతకము ఇస్తారు అన్నాడు. ఒకరికి పిచ్చి పడితే రెండవవారైనా బుద్ధి చెప్పాలి గదా! ఇద్దరూ ఇట్లా అయితే సంసారము ఏమి కావాలి? పసివాడు ఏమి కావాలి?" అని ఆమె అడిగారు.

ఆ తల్లి ఆందోళన న్యాయమైనదే. ఆమెకు ఒక్క మాటలో జవాబు వ్రాయుట కంటె, ఈ పందెములను గూర్చి ఉన్నది ఉన్నట్లుగా మన పాఠకులందరికి చెప్పుట మంచిదని తలంచి ఈ నెల శీర్షికను దీనికే కేటాయించినాము. పరుగు అనగానే ఇది మనకు సంబంధించినది కాదని పేజీ త్రిప్పవద్దు. ఈ పందెములలో భార్యాభర్తలు చెమటోడ్చి నేర్చుకొనుచున్న పాఠము ఒకటి ఉన్నది. అది పరుగెత్తని ఇంటికి కూడ అవసరమే.

ఏమిటీ పందెము?

మారథాన్ అనగా 42 కిలోమీటర్ల 195 మీటర్లు. దానిని మించిన దూరము ఏదైనను అల్ట్రా మారథాన్ అంటారు. 50 కిలోమీటర్లు, 100 కిలోమీటర్లు, 100 మైళ్లు, ఇవి తరచుగా వినబడు దూరములు. తారురోడ్డు మీద గాక కొండబాటలలో, అడవి దారులలో, రాళ్లు, వాగులు దాటుచు సాగు పందెమునకు ట్రెయిల్ అల్ట్రా అని పేరు.

దీని పుట్టుక విచిత్రమైనది. అమెరికాలోని సియెరా నెవాడా పర్వతములలో 1955లో ఒక గుఱ్ఱపు స్వారీ మొదలైనది. 100 మైళ్ల దారిని 24 గంటలలో గుఱ్ఱము మీద దాటవలెను. గోర్డీ ఐన్స్‌లీ అను యువకుడు 1973లో ఆ స్వారీలో పాల్గొనగా, గుఱ్ఱము కుంటుట చేత నడుమనే ఆగిపోవలసి వచ్చినది. మరుసటి సంవత్సరము, అనగా 1974లో, అతడు గుఱ్ఱము లేకుండనే గుఱ్ఱములతో పాటు బయలుదేరి 23 గంటల 42 నిమిషములలో గమ్యము చేరినాడు. 1977లో అదే దారిలో మనుష్యులకు ప్రత్యేకముగా వెస్టర్న్ స్టేట్స్ అను పందెము ఏర్పడినది. ఒలింపిక్ వ్యాలీ నుండి ఆబర్న్ పట్టణము వరకు సుమారు 161 కిలోమీటర్లు. ఎక్కవలసిన ఎత్తులన్నియు కలిపితే దాదాపు 5,500 మీటర్లు, దిగవలసినవి దాదాపు 7,000 మీటర్లు. గడువు 30 గంటలు. 24 గంటలలోపు వచ్చినవారికి వెండి బెల్టు బిళ్ళ, ఆ తరువాత గడువులోపు వచ్చినవారికి కంచు బిళ్ళ. ఇంతే బహుమానము.

ఐరోపాలో 2003లో ఆరంభమైన మోబ్లాఁ పర్వత పందెము కూడ ప్రసిద్ధమైనదే. ఫ్రాన్సులోని షమోనీలో బయలుదేరి ఇటలీ, స్విట్జర్లాండు దేశముల మీదుగా పర్వతము చుట్టు సుమారు 170 కిలోమీటర్లు తిరిగి రావలెను. మన దేశములో చిక్కమగళూరు ప్రాంతపు కాఫీ తోటలలో మల్నాడ్ అల్ట్రా జరుగుచున్నది.

ఇవి వినగానే ప్రాణములు లెక్కచేయక దూసుకొనిపోవు వీరుల పని అనుకొందుము. కాని దగ్గరగా చూస్తే ఇందులో ఎక్కువ భాగము నడకయే. మొదటి కొద్దిమందిని మినహాయిస్తే, మిగిలినవారందరు నిట్టనిలువు ఎక్కుడులలో నడిచి, చదునులో మెల్లగా పరుగెత్తి, దిగుడులో జాగ్రత్తగా దిగుదురు. వారి పోటీ ప్రక్కవానితో కాదు, గడియారముతో. నడుమ నడుమ ఎయిడ్ స్టేషన్లు అను సహాయ కేంద్రములు ఉండును. అక్కడ నీరు, ఉప్పు, పండ్లు, వేడి సూపు దొరకును. నిర్ణయించిన వేళలోగా ఆ కేంద్రము దాటనివారిని అక్కడనే ఆపివేయుదురు.

సిద్ధపాటు కూడ మనము ఊహించునట్లు ఉండదు. వారములో ఎక్కువ రోజులు, ప్రక్కవారితో పూర్తి వాక్యము మాట్లాడగలిగినంత నెమ్మదిగానే పరుగెత్తవలెను. ఊపిరాడక మాట తెగిపోతే వేగము ఎక్కువైనదని గుర్తు. వారాంతములో రెండు రోజులు వరుసగా దూరము పరుగెత్తుదురు. మొదటి దినపు అలసటతోనే రెండవ దినము బయలుదేరుట నేర్చుకొనుటకే అట్లు చేయుదురు. దిగుడులో తొడ కండరములు సాగుచునే బరువును ఆపవలసి వచ్చును గనుక, ఎక్కుడు కంటె దిగుడే కాళ్లను ఎక్కువ దెబ్బతీయును. అందుచేత దిగుటను ప్రత్యేకముగా అభ్యాసము చేయుదురు. తలకు దీపము కట్టుకొని చీకటిలో నడుచుట, పరుగెత్తుచు తినుట, పాదములలో బొబ్బలు రాకుండ చూచుకొనుట, ఇవన్నియు సాధన చేయవలసినవే.

రెండు నిమిషముల నియమము

భార్యాభర్తలు ఈ పందెములలో పాల్గొనుటకు మూడు విధములు ఉన్నవి. ఇద్దరును ఆరంభము నుండి అంతము వరకు ప్రక్క ప్రక్కనే సాగుట ఒకటి. ఒకే పందెములో పేరిచ్చి ఎవరి వేగము వారు పరుగెత్తుట రెండవది. ఒకరు పరుగెత్తగా రెండవవారు ఆహారము, బట్టలు పట్టుకొని దారి పొడుగునా ఎదురుచూచుట మూడవది.

మొదటి విధమునకు మంచి ఉదాహరణ ఆల్ప్స్ పర్వతములను దాటు ట్రాన్సాల్పైన్ పరుగు. 2005లో ఆరంభమైన ఈ పందెము ఇద్దరిద్దరు జట్టుగా పరుగెత్తు పందెముగా పేరుపొందినది. స్త్రీ పురుషుల జంటలకు ప్రత్యేక విభాగము ఉన్నది. ఒక వారము పాటు దినమునకు ఒక కనుమ చొప్పున దాటుచు దాదాపు 250 కిలోమీటర్లు సాగుదురు. ఈ జట్లకు ఒక నియమము పెట్టినారు. తనిఖీ స్థలముల యొద్ద ఇద్దరి మధ్య రెండు నిమిషముల కంటె ఎక్కువ ఎడము ఉండరాదు. ఒకరు గాలివలె వచ్చి గీత దాటినను లెక్కలోనికి రాదు. రెండవవారు వచ్చినప్పుడే ఆ జట్టు వచ్చినట్లు.

ఈ నియమము వలన ఒక సంగతి తేటపడును. జంట యొక్క వేగము వేగముగా పరుగెత్తువారి వేగము కాదు. ఇద్దరి వేగములను కలిపి సగము చేసినదియు కాదు. ఆ గడియలో ఎవరు నెమ్మదిగా ఉన్నారో వారి వేగమే జంట వేగము. బలమైనవాడు తన బలము చూపి ముందుకు వెళ్లుట వలన జట్టుకు ఒక్క నిమిషము కూడ కలిసిరాదు. ఆ బలమును వేరొక విధముగా ఖర్చు పెట్టవలెను. భాగస్వామి సంచిలోని నీటి సీసాలు తన సంచిలో వేసికొనవచ్చును. కేంద్రమునకు కొంచెము ముందుగా చేరి నీరు నింపి, సూపు గిన్నె చేతికి సిద్ధము చేయవచ్చును. ఎదురుగాలి వీచుచున్నప్పుడు తాను ముందు నడిచి గాలిని కాచుకొనవచ్చును.

ఇక్కడ కొండలలో నడిచిన జంటలందరికి తెలిసిన చిన్న అన్యాయము ఒకటి ఉన్నది. వేగముగా ఉన్న భర్త ముందు వెళ్లి, ఒక మలుపులో నిలిచి, నీరు త్రాగి, ఊపిరి పీల్చుకొని భార్య కొరకు ఎదురుచూచును. ఆమె రొప్పుచు వచ్చి చేరగానే "వచ్చినావా, పద" అని తిరిగి బయలుదేరును. తాను ఎంతో ఓర్పుతో ఆగినానని అతని భావన. కాని లెక్క చూడండి. విశ్రాంతి అవసరము లేనివానికి మలుపు మలుపునకు విశ్రాంతి దొరికినది. అవసరమైన ఆమెకు ఒక్కసారియు దొరకలేదు. కొన్ని గంటలైన తరువాత ఆమె ఎందుకు కోపపడుచున్నదో అతనికి అర్థము కాదు.

దీనికి విరుగుడు చాల సులభము. ఇరుకు బాటలో నిదానముగా ఉన్నవారిని ముందు నడువనిచ్చి, వేగముగా ఉన్నవారు వెనుక నడువవలెను. అప్పుడు వేగమును ఆమె నిర్ణయించును. వెనుక నున్నవాడు మడమలను తొక్కునట్లు దగ్గరగా రాక, నాలుగడుగుల ఎడము ఉంచవలెను. ఇంత చిన్న మార్పుతో ఆ దినమంతయు మారిపోవును.

మరియొక సంగతి. నిదానపువారు ఎల్లప్పుడు ఒక్కరే ఉండరు. ఉదయము ఎక్కుడులో భర్త బలముగా ఉండవచ్చును. మధ్యాహ్నపు ఎండలో అతని కడుపు తిరిగి కూలబడగా, ఉదయము వెనుకబడిన భార్యయే స్థిరమైన అడుగుతో దారి చూపవచ్చును. దిగుడులో ఒకరు, చీకటిలో మరియొకరు. ఉదయము నన్ను విసుగుకొనక ఆగినవానిని సాయంకాలము నేను విసుగుకొనక లాగుకొనిపోవుదును. ఉదయము నన్ను చిన్నబుచ్చినవానితో అట్లు చేయుట కష్టము. కావున బలముగా ఉన్న గడియలో మన ప్రవర్తనయే బలహీనమైన గడియలో మనకు దొరకబోవు సహాయము.

ముందు తినవలెను, తరువాత మాటలాడవలెను

ఈ పరుగువారిలో అనుభవశాలులు చెప్పు నియమము ఒకటి మాకు ఎంతో నచ్చినది. మానివేయుదును అనిపించినప్పుడు వెంటనే మానవద్దు. ముందు ఏదైన తిని, త్రాగి, చలిగా ఉంటే బట్ట కప్పుకొని, కొద్దిసేపైన తరువాత నిర్ణయించుకొనవలెను. ఎందుకనగా శరీరములో చక్కెర తగ్గినప్పుడు మొదట కాళ్లు గాదు, మనస్సే పడిపోవును. చిరాకు, ఏడుపు, అనుమానము వచ్చును. అప్పుడు పుట్టిన మాటలు నిజమైన మాటలని అనుకొనరాదు. సగము అరటిపండు, నాలుగు గుటకల తీపి నీరు లోనికి వెళ్లిన పది పదిహేను నిమిషములకు అదే దారి వేరుగా కనబడును. అందుచేతనే ఆకలి వేయకముందే, గడియారము చూచుకొని, అరగంటకొకసారి కొంచెము కొంచెముగా తిందురు.

జంటగా పరుగెత్తువారు దీనికి ఒక మాట చేర్చుకొందురు. భాగస్వామి విసుగుకొన్నప్పుడు వాదమునకు దిగక, "చివర ఎప్పుడు తిన్నావు?" అని అడుగుదురు. ప్రియులారా, మన ఇండ్లలో ఎన్ని తగవులు రాత్రి పదకొండు గంటలకు, ఇద్దరును అలసి, ఒకరు భోజనము కూడ చేయకుండ మొదలైనవో జ్ఞాపకము చేసికొనండి. సంసారములోని పెద్ద నిర్ణయములు ఆ గడియలో చేయవలసినవి కావు.

దీనికి నిజమైన సాక్ష్యము ఒకటి ఉన్నది. అమెరికా తూర్పు భాగమున అపలేచియన్ కాలిబాట అని సుమారు 3,500 కిలోమీటర్ల దారి ఉన్నది. 2011లో జెన్నిఫర్ ఫార్ డేవిస్ అను ఆమె దానిని 46 దినముల 11 గంటల 20 నిమిషములలో ముగించి, ఆనాటికి స్త్రీ పురుషులందరిలోను అతి తక్కువ కాలములో దాటిన వ్యక్తిగా నిలిచినది. ఆమె పరుగు కంటె నడకతోనే ఆ దూరమును జయించినది. దినమునకు సరాసరి 75 కిలోమీటర్లు! ఆమె భర్త బ్రూ డేవిస్ బండిలో దారి పొడుగునా వెంబడించి, రోడ్డు బాటను తాకిన చోటనెల్లా ఆహారముతో నిలిచినాడు. మొదటి వారములలోనే ముంగాళ్ల నొప్పి, చలి, అనారోగ్యము కలిసి ఆమె ఇక చాలునని చెప్పినప్పుడు, మానదలచితే తనకు అభ్యంతరము లేదు గాని ఈ స్థితిలో, ఈ పూట ఆ నిర్ణయము వద్దని అతడు నచ్చజెప్పినాడు. వద్దని బలవంతము చేయలేదు. సరేనని వెంటనే బండి ఎక్కించలేదు. ఈ రెంటికి నడుమ నిలుచుట ఎంత ప్రేమగలవానికి సాధ్యమో ఆలోచించండి.

ఆపవలసిన గడియ

అయితే తినగానే పోవు చిరాకు వేరు, నిజమైన ప్రమాదము వేరు. ఆ సహోదరి భయమునకు ఇక్కడ ఆధారము ఉన్నది. దీనిని దాచి చెప్పుట మాకు ఇష్టము లేదు.

ఎండలో గంటల తరబడి పరుగెత్తువారు దాహమునకు మించి వట్టి నీరే త్రాగుచుపోతే, రక్తములోని సోడియము పలుచబడి తలనొప్పి, వాంతులు, మతి తప్పుట, ఒక్కొక్కసారి ప్రాణాపాయము కూడ కలుగును. నీరు తక్కువైతేనే ప్రమాదమని మనము అనుకొందుము. అధికమైనను ప్రమాదమే. నొప్పి తెలియకుండుటకు ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు మ్రింగి పరుగెత్తుట మూత్రపిండములకు కీడు. మూత్రము టీ డికాక్షన్ రంగులో వచ్చినను, గంటల తరబడి రాకున్నను వెంటనే ఆపి వైద్యుని చూడవలెను.

వాతావరణము అన్నిటికంటె పెద్ద శత్రువు. 2021 మే 22న చైనాలోని గాన్సు రాష్ట్రములో 100 కిలోమీటర్ల కొండ పందెము జరుగుచుండగా, ఎత్తైన భాగమున ఆకస్మికముగా వడగండ్లు, మంచువంటి వాన, పెనుగాలి వచ్చి పడినవి. పలుచని బట్టలతో ఉన్నవారి శరీరములు చల్లబడిపోయి 21 మంది మరణించినారు. సమీపములో గొర్రెలు మేపుకొనుచున్న ఒక కాపరి, తాను తలదాచుకొన్న గుహలోనికి ఆరుగురిని చేర్చి, నిప్పు రాజేసి, వారిని బ్రదికించినాడు. పందెపు నిర్వాహకులు వానకోటు, వెచ్చని చొక్కా, దీపము సంచిలో ఉండవలెనని పట్టుబట్టినప్పుడు "బరువెందుకు?" అనువారు ఈ సంఘటనను మరువరాదు.

జంటగా ఉండుటలోని గొప్ప మేలు ఇక్కడనే కనబడును. మతి తప్పుచున్నవానికి తన మతి తప్పుచున్నదని తెలియదు. అడుగు తడబడుట, మాట ముద్దగా వచ్చుట, చలికి వణుకుట కూడ ఆగిపోవుట, వీటిని ప్రక్కవారే చూడగలరు. కనుక బయలుదేరక ముందే, మనస్సు నిర్మలముగా ఉన్నప్పుడే, ఇద్దరు ఒక ఒడంబడిక చేసికొనవలెను. "ఇద్దరిలో ఎవరైనను ఆపుదామంటే ఇద్దరమును ఆపుదము. ఎందుకని ఆ పూట వాదించము. తరువాత ఎన్నడును ఎత్తిపొడువము." ఈ చివరి మాటయే కష్టమైనది. నీ వలననే ఆ పతకము పోయినదని పదేండ్ల తరువాత కూడ అనుటకు అవకాశమున్నది. ఆ మాట అననని ముందుగా ఒప్పుకొననివారు కొండ ఎక్కకుండుటయే మేలు.

బాట ప్రక్కన నిలిచినవారు

జెన్నిఫర్ నెలకొల్పిన కాలమును 2015లో స్కాట్ జురెక్ అను ప్రసిద్ధ పరుగువీరుడు దాటినాడు. 46 దినముల 8 గంటల 7 నిమిషములు. భేదము మూడు గంటల పైచిలుకు మాత్రమే. ఆ మీదట ఇతరులు దానిని కూడ దాటినారు. మనము గమనించవలసినది ఏమనగా, ఈసారి బండి నడిపినది భార్య. ఆమె పేరు జెన్నీ. మొదటి వారములలోనే భర్త మోకాలు, తొడ దెబ్బతినగా, తెలియని అడవి రోడ్ల మీద బండి నడుపుకొనుచు, మలుపు మలుపున అతని కొరకు వేచియుండి ఆమె ఆ 46 దినములు గడిపినది. తరువాత వారు వ్రాసిన పుస్తకములో కొన్ని అధ్యాయములు అతడు, కొన్ని ఆమె వ్రాసినారు. ఒకే ప్రయాణమును ఇద్దరు చెప్పితేనే గాని పూర్తి కాదని వారికి తెలిసినది.

2011లో భర్త ఎదురుచూచెను, 2015లో భార్య ఎదురుచూచెను. మన సమాజములో ఎదురుచూచుట స్త్రీ పని అని తలంచుట అలవాటు. భర్త పరీక్షలకు చదివితే టీ పెట్టునది ఆమె. భర్త రాత్రి డ్యూటీ చేస్తే మేలుకొని తలుపు తీయునది ఆమె. ఆమె చదువుకొనుటకు, ఆమె ఉద్యోగములో ఎదుగుటకు సంచి మోసి బాట ప్రక్కన నిలిచిన భర్తలు ఎందరు? ప్రతి పురుషుడు దీనిని తన్నుతాను అడుగుకొనవలెను.

ఇంటిలో ఉన్న పసివాడు

ఇక నాలుగేండ్ల బాబు సంగతి. ఇది మా దృష్టిలో అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న.

లెక్క వేసి చూడండి. వారములో నాలుగు దినములు గంట చొప్పున, వారాంతములో నాలుగు గంటలు, మూడు గంటలు అనుకొంటే వారమునకు 11 గంటలు. ఇద్దరికి కలిపి 22 గంటలు. ఇద్దరును కలిసి పరుగెత్తితే ఆ 11 గంటలు బిడ్డను ఎవరో ఒకరు చూడవలెను. విడివిడిగా పరుగెత్తితే బిడ్డ ప్రక్కన ఒకరు ఉందురు గాని భార్యాభర్తలు కలిసికొను వేళ తగ్గిపోవును. ఈ గంటలు ఎక్కడనో ఆకాశము నుండి ఊడిపడవు. నిద్ర నుండియో, బిడ్డ నుండియో, ఆదివారపు ఆరాధన నుండియో, ఇంటిపని నుండియో తీసికొనవలసినదే. దేని నుండి తీసికొనుచున్నామో కాగితము మీద వ్రాసికొనిన దంపతులకు తగవులు తక్కువ.

ఇంగ్లాండులో పెనైన్ కొండల వెంబడి 268 మైళ్ల చలికాలపు పందెము ఒకటి ఉన్నది. 2019 జనవరిలో జాస్మిన్ పారిస్ అను పశువైద్యురాలు దానిని 83 గంటల 12 నిమిషములలో ముగించి, పురుషులందరి కంటె కూడ ముందు వచ్చినది. ఆమెకు అప్పటికి 14 నెలల పాప. దారిలో కేంద్రముల యొద్ద ఆగి చనుబాలు పిండుకొనవలసి వచ్చినది. లోకము ఆమెను మెచ్చుకొన్నది, మెచ్చుకొనవలసినదే. ఆమె భర్త కూడ కొండలలో పరుగెత్తువాడే. పసిబిడ్డగల ఇంటి నుండి ఒకరు మూడు దినములకు పైగా కొండలలో ఉండవలెనంటే, ఇద్దరిలో ఎవరి ఋతువు ఎప్పుడో మాట్లాడుకొనియే కుదుర్చుకొనవలెను.

కాబట్టి ఆ సహోదరికి మా మనవి ఇది. అమ్మా, పిచ్చి అనవద్దు. ఇద్దరును ఒకే బాటలో నడుచుట నేటి దినములలో చిన్న సంగతి కాదు. ఒకే ఇంటిలో ఉండి చెరియొక ఫోను చూచుకొనుచు రాత్రులు గడుపు జంటల కంటె, కొండ మీద ఒకరి నీటిసీసా ఒకరు మోయు జంట మేలు. అయితే మూడు ప్రశ్నలు మాత్రము అడగండి. వైద్యపరీక్ష చేయించుకొన్నారా? వానకోటు సంచిలో ఉన్నదా? ఆ దినము బాబు ఎవరి యొద్ద ఉండును? మూడవదానికి జవాబు లేకుంటే, మీకు వీలైతే, వీసా తీసికొని మీరే బాట ప్రక్కన నిలువండి.

పరుగెత్తని మనకు

ప్రియ పాఠకులారా, మనలో చాలమంది బస్సు కొరకు తప్ప పరుగెత్తము. అయినను ప్రతి సంసారము దూరపు పరుగే. పెండ్లి దినమున ఇద్దరును కొత్త బట్టలతో ఒకే గీత మీద నిలిచి బయలుదేరినారు. కొన్నేండ్లకు ఒకరికి చక్కెర వ్యాధి వచ్చును. ఒకరి ఉద్యోగము పోవును. ఒకరు తల్లిని పోగొట్టుకొని నెలల తరబడి మాటలాడరు. కాన్పు తరువాత ఒకరు మునుపటి మనిషిగా ఉండరు. అట్టి కాలములో బలముగా ఉన్నవారు నాలుగు మలుపులు ముందు నిలిచి "ఇంకా రావేమి?" అని పిలుచుట చాల తరచుగా చూచుచున్నాము. ఆగినాను గదా అని వారి వాదన. అవతలివారు చేరుసరికి తాము సేదదీరి బయలుదేరుచున్నామని వారికి తోచదు.

ఈ మాసములో ఒక సాయంకాలము, భోజనమైన తరువాతనే సుమా, భార్యాభర్తలు కూర్చుండి ఈ మూడు సంగతులు మాట్లాడుకొనండి.

ఒకటి, ఇప్పుడు మన ఇద్దరిలో నిదానముగా నడుచుచున్నది ఎవరు? ఆ మాట నోటితో చెప్పుకొన్నామా, లేక దాచుకొనుచున్నామా?

రెండు, వారి సంచిలో నుండి నేను తీసి నా సంచిలో వేసికొనగల బరువు ఏది? పిల్లల హోంవర్కా, అప్పులవారి ఫోనా, అత్తగారి ఆసుపత్రియా?

మూడు, ఎవరైనను "ఇక ఆపుదము" అంటే రెండవవారు వాదించకుండ ఆపవలసిన పనులు ఏవి?

ఆల్ప్స్ పర్వతములలో గీత యొద్ద కూర్చుండు కాలనిర్ణేత మొదటివానిని చూచి గడియారము ఆపడు. అతని చూపు దారి మలుపు మీద, రెండవవారి మీద ఉండును. వారిద్దరు చేతులు పట్టుకొని వచ్చినను, ఒకరినొకరు తోసికొనుచు వచ్చినను, ఒకే కాలము వ్రాయబడును. అందుచేత నిదానముగా ఉన్నవారిని ముందు నడువనివ్వండి. నాలుగడుగులు వెనుక మీరుండండి.